పొడిగా ఉన్నప్పుడు అంతా బాగానే ఉంది: ఒక జెలటిన్ నానోఫైబర్ స్కాఫోల్డ్ కేసు

నేను పని చేసేది ఒక ఉమ్మడి పరికరాల ల్యాబ్‌లో. ఎలక్ట్రోస్పిన్నింగ్ యంత్రం, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్, కణాలు పెంచే గది మూడూ ఒకే అంతస్తులో ఉంటాయి. బయటి బృందాలు వస్తాయి, సన్నని దారాలతో అల్లిన పల్చటి మ్యాట్‌లు తయారు చేసుకుంటాయి, ఫొటోలు తీయించుకుని వెళ్లిపోతాయి. ఎక్కడైనా బెడిసికొడితే మళ్లీ వస్తాయి. ఈ కేసు అలా మళ్లీ వచ్చినవాళ్లది. ఎవరో పోల్చుకునే వివరాలన్నీ తీసేశాను. ఏ మలుపు దగ్గర ఏమనుకున్నాం, ఎందుకు అటు వెళ్లాం అన్నది మాత్రం జరిగింది జరిగినట్టే రాశాను. మధ్యలో నా తప్పు కూడా ఒకటుంది.

నేపథ్యం

ఆ బృందం చేయాలనుకున్నది చర్మంలోని లోపలి పొరకు, అంటే డెర్మిస్‌కు, ఒక ఆధారం, అదే స్కాఫోల్డ్. దాని మీద మనిషి చర్మం నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్ట్ కణాలు పెరగాలి. శరీరంలో ఈ కణాల చుట్టూ కొలాజెన్ పోగుల వల ఉంటుంది. ఒక్కో పోగు మందం సుమారు 50 నుంచి 500 నానోమీటర్లు. ఎలక్ట్రోస్పిన్నింగ్‌లో వచ్చే దారాలూ ఇంచుమించు అదే మందంలో ఉంటాయి. ఈ పద్ధతి మీద ఇంత మోజుకు సగం కారణం ఆ పోలికే.

పద్ధతి పాతదే. ఆంటన్ ఫోర్మాల్స్ 1934లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. విద్యుత్ క్షేత్రంలో చుక్క శంకువులా ఎందుకు సాగుతుందో జెఫ్రీ టేలర్ 1964లో లెక్కగట్టాడు. పాలిమర్ ద్రావణాన్ని సిరంజిలో పోసి సూదికి 10 నుంచి 20 కిలోవోల్టులు ఇస్తే, కొనన ఉన్న చుక్క శంకువై, అందులోంచి సన్నని ధార బయల్దేరుతుంది. అది గాల్లో కొరడాలా కొట్టుకుంటూ సాగి, ద్రావకం ఆవిరై, ఎదురుగా ఉన్న రేకు మీద దారంగా పడుతుంది. గంట రెండు గంటల్లో రేకు మీద తెల్లటి, కాగితంలాంటి మ్యాట్ తయారవుతుంది.

వాళ్లు మొదట కొలాజెన్‌తోనే చేద్దామన్నారు. నేనే వద్దన్నాను. కొలాజెన్‌ను దారంగా తీయడానికి ఎక్కువగా వాడేది హెచ్‌ఎఫ్‌ఐపీ లాంటి ఫ్లోరిన్ ఆల్కహాల్. అది కొలాజెన్‌లోని మూడు పేటల మెలికను విప్పేస్తుంది. మెలిక విప్పిన కొలాజెన్ అంటే దాదాపు జెలటినే. ఇలా చేయడం జెలటిన్‌ను ఖరీదైన దారిలో తయారు చేసుకోవడమేనా అని 2008లో ఒక పరిశోధక బృందం సూటిగానే అడిగింది. ఎలాగూ జెలటినే మిగిలేటప్పుడు మొదటే జెలటిన్ తీసుకుంటే పోలా? కణాలు పట్టుకునే ఆర్‌జీడీ అనే అమైనో ఆమ్లాల వరుస జెలటిన్‌లోనూ ఉంటుంది. పైగా నీళ్లు కలిపిన అసిటిక్ ఆమ్లంలో కరుగుతుంది కాబట్టి విషపు ద్రావకాల గొడవా ఉండదు. ఆ నిర్ణయం మీద నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. కాకపోతే దానితో పాటు ఒక అప్పు కూడా నెత్తికెత్తుకున్నాం. ఒంటి వేడిలో ఉన్న నీళ్లలో జెలటిన్ కరిగిపోతుంది. దారాలను ఒకదానికొకటి రసాయనికంగా కట్టేస్తే తప్ప, అంటే క్రాస్‌లింక్ చేస్తే తప్ప, ఆ మ్యాట్ దేనికీ పనికిరాదు.

వచ్చిన సమస్య

మ్యాట్‌లు తీసుకెళ్లిన రెండు నెలలకు ఆ బృందంలోని విద్యార్థిని మళ్లీ వచ్చింది. చేతిలో ఎస్‌ఈఎం, అంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్, ఫొటోల ఫైలు. ఫొటోలు నిజంగా బాగున్నాయి. దారాల్లో పూసల్లాంటి ఉబ్బులు లేవు, తెగిన కొసలు లేవు, మందం 200 నానోమీటర్ల అటూ ఇటూ. కానీ కల్చర్‌లో పెట్టగానే అంతా తలకిందులు. కణాలు వేసిన గంట రెండు గంటలకే మీడియం, అంటే కణాలను పెంచే ద్రవం, పసుపు రంగుకు తిరుగుతోంది. మూడో రోజుకు మ్యాట్ జారుడు జిగురులా అయిపోతోంది. బతికిన కొన్ని కణాలు మ్యాట్ మీద కాకుండా ప్లేటు అడుగున దొరుకుతున్నాయి.

"కంటామినేషన్ అనుకుంటున్నాం సర్. యాంటీబయాటిక్ మార్చాం, ఇంక్యుబేటర్ రెండు సార్లు కడిగాం. కణాలే పాతబడిపోయాయేమో అని కొత్తవి కూడా తెప్పించాం."

"తడి ఫొటో ఏదైనా ఉందామ్మా?"

"తడి అంటే?"

అక్కడే నాకు సగం అర్థమైంది. ఉన్న ఫొటోలన్నీ క్రాస్‌లింకింగ్ కాకముందు, పొడిగా ఉన్నప్పుడు తీసినవే. కణాలు ఎక్కేది ఆ వస్తువు మీద కాదు.

ముందు పసుపు రంగు సంగతి తేల్చాలనుకున్నాను. మీడియంలో ఉండే ఫినాల్ రెడ్ అనే ఎర్ర రంగు, ఆమ్లం పెరిగితే పసుపవుతుంది. బ్యాక్టీరియా చేరినా అలాగే అవుతుంది. అయితే వాటికి పెరగడానికి టైమ్ పడుతుంది, మీడియం మసకబారుతుంది కూడా. ఇక్కడ గంటలోనే రంగు మారుతోంది, ద్రవం మాత్రం తేటగానే ఉంది. అందుకని కణాలు లేని, సీరం లేని మీడియాన్ని ఒక ట్యూబులో పోసి, మ్యాట్‌లోంచి గోరంత ముక్క కత్తిరించి వేశాం. మాట్లాడుకుంటూ ఉండగానే ముక్క చుట్టూ నారింజ రంగు వలయం కట్టింది. అరగంటకు ట్యూబు మొత్తం పసుపు. దారాల్లో చిక్కుకుపోయిన అసిటిక్ ఆమ్లం అది. రాత్రి స్పిన్ చేసి పొద్దున్నే వాడేస్తున్నారు. పైకి మ్యాట్ పొడిగా ఉన్నా, ఆమ్లం జెలటిన్‌లోని అమైన్ గుంపులను (నైట్రోజన్ ఉన్న క్షార భాగాలను) పట్టుకుని లోపలే ఉండిపోతుంది. రెండు నెలలుగా వాళ్లు పోరాడింది లేని బ్యాక్టీరియాతో.

తరవాత కరగడం సంగతి. క్రాస్‌లింక్ చేశామంటున్న మ్యాట్ ముక్కను గాజు పలక మీద పెట్టి, మామూలు మైక్రోస్కోప్ కింద 37 డిగ్రీల బఫర్ (ఆమ్లస్థాయి మారకుండా నిలిపే ఉప్పు నీళ్ల) చుక్క వేశాం. చుక్క అంచు ముందుకు పాకుతున్న కొద్దీ దారాలు ఉబ్బాయి, ఒకదానిలో ఒకటి కలిశాయి, పొగమంచు విడిపోయినట్టు కనబడకుండా పోయాయి. నిమిషం కూడా పట్టలేదు. ఆ అమ్మాయి ఐపీస్‌లోంచి కళ్లు తీయకుండా "ఇది ఆ ఫొటోలోదేనా సర్?" అంది.

వాళ్లు చేసిన క్రాస్‌లింకింగ్ గ్లూటరాల్డిహైడ్ అనే, ప్రోటీన్లను కట్టేసే రసాయనం ఆవిరితో. మూత బిగించిన డెసికేటర్ అనే పాత్ర అడుగున 25% ద్రావణం, పైన మ్యాట్, మూడు గంటలు. మ్యాట్ లేత పసుపు రంగుకు రాగానే అయిపోయిందనుకుని తీసేస్తున్నారు. రంగు వచ్చిందంటే చర్య మొదలైందనే. ఎంతవరకు జరిగిందో రంగు చెప్పదు. దానికి తోడు స్టెరిలైజ్ చేయడానికి 70% ఇథనాల్‌లో ముంచుతున్నారు. 70% ఇథనాల్ అంటే 30% నీళ్లు. అరకొరగా కట్టుకున్న దారాలకు మొదటి దెబ్బ అక్కడే తగులుతోంది, కణాల దాకా పోకముందే.

ఏమేం చేశాం, ఏవి కుదరలేదు

ఆమ్లం పని సులువుగానే తేలింది. స్పిన్ చేసిన మ్యాట్‌లను రెండు రోజులు వాక్యూమ్‌లో ఉంచడం, క్రాస్‌లింకింగ్ అయ్యాక బఫర్ మారుస్తూ కడగడం. ముక్కను మీడియంలో వేస్తే రాత్రంతా ఎర్రగానే ఉండాలి. అలా ఉన్న బ్యాచ్‌నే వాడాలని నియమం పెట్టుకున్నాం. ఇంతకంటే చౌకైన పరీక్ష నాకు తెలీదు.

అసలు తలనొప్పి క్రాస్‌లింకింగ్. ఎక్కడా కొత్తగా మొదలుపెట్టకుండా ముందు ఉన్న పద్ధతినే సరిచేద్దామనుకున్నాం. అదే ఆవిరి, కాకపోతే మూడు గంటల బదులు పూర్తిగా ఒక రోజు. ఈసారి నీటి చుక్కకు మ్యాట్ నిలబడింది. సంబరపడబోయాం. ఫొటో తీస్తే దారాలు ఒకదాన్నొకటి దాటే ప్రతిచోటా అతుక్కుపోయి ఉన్నాయి. పై వరస అయితే దాదాపు ప్లాస్టిక్ కాగితంలా మూసుకుపోయింది. కారణం గ్లూటరాల్డిహైడ్ కాదు, దానితో పాటు వచ్చే తేమ. 25% ద్రావణంలో మిగతాదంతా నీళ్లే. మూత పెట్టిన గిన్నెలో రోజంతా ఉంచామంటే మ్యాట్‌కు ఆవిరి పట్టించినట్టే.

కణాల పరీక్షలోనూ దెబ్బ తిన్నాం. మ్యాట్ నానబెట్టిన ద్రవాన్ని కణాల మీద పోసి చూసే పరీక్షకు ఐఎస్ఓ 10993-5 ప్రమాణం గీసిన గీత 70%. బతికిన కణాలు అంతకంటే తగ్గితే ఆ పదార్థానికి విషగుణం ఉండొచ్చని అర్థం. మాది ఆ గీత కిందకే పోయింది. మిగిలిపోయిన ఆల్డిహైడ్‌లను తినేయడానికి గ్లైసీన్ ద్రావణంలో కడిగాం. కొంత మెరుగైంది, ఒక్కో బ్యాచ్ ఒక్కోలా వచ్చింది. ఇక్కడ బృందంలో ఒకరు గట్టిగానే వాదించారు: 1960ల చివర నుంచి గుండె కవాటాలకు వాడే జంతు కణజాలాన్ని గ్లూటరాల్డిహైడ్‌తోనే కదా సిద్ధం చేస్తున్నారు, మనకెందుకు పనికిరాదు అని. మంచి ప్రశ్నే. కానీ కవాటం పని తెరుచుకోవడం, మూసుకోవడం. దానిలోకి బతికున్న కణాలు వెళ్లి కాపురం పెట్టాలని ఎవరూ అడగరు. మాకు కావలసింది సరిగ్గా అదే. అందుకే ఆ దారి వదిలేశాం.

రెండోది జెనిపిన్. గార్డీనియా పండ్ల నుంచి వచ్చే పదార్థం ఇది. జెలటిన్‌లోని అమైన్ గుంపులను కలుపుతుంది, గ్లూటరాల్డిహైడ్‌తో పోలిస్తే కణాలకు చాలా తక్కువ హాని. కలిపిన చోటల్లా ముదురు నీలం రంగు తెస్తుంది. దీన్ని బఫర్‌లో కలిపి మ్యాట్‌ను అందులో వేశాం. ఐదు నిమిషాల్లో మ్యాట్ ముడుచుకుని, చుట్టుకుని, గాజులాంటి ముద్ద అయింది. మరుసటి రోజుకు ఆ ముద్ద అందంగా నీలం రంగుకు తిరిగింది.

ఈ ఓటమి దగ్గర కాస్త ఎక్కువ సేపే కూర్చున్నాం. నీళ్లలో జెలటిన్ దారం కరగడానికి నిమిషాలు చాలు. జెనిపిన్ కట్లు వేయడానికి గంటలు, రోజులు కావాలి. ఈ పరుగు పందెంలో జెనిపిన్ ఎప్పటికీ గెలవదు. గాఢత రెట్టింపు చేసినా, వేడి పెంచినా గెలవదు. వేడి పెంచితే ఎదుటివాడే ఇంకా ముందుకు పోతాడు. కాబట్టి జెనిపిన్‌ను తొందరపెట్టే ఆలోచన మానేసి, కరగడాన్ని ఆపే ద్రవం కోసం చూశాం. ఇథనాల్‌లో జెలటిన్ కరగదు, జెనిపిన్ కరుగుతుంది. అలాగని పూర్తిగా నీళ్లు లేకుండా చేస్తే దారం బిర్రబిగుసుకుని ఉంటుంది, జెనిపిన్ పైపైనే పని చేసి ఆగుతుంది. లోపలి దాకా పోవాలంటే దారం రవంత మెత్తబడాలి. మెత్తబడాలి కానీ ఉబ్బకూడదు.

నీళ్లు సున్నా నుంచి 20% దాకా పెంచుకుంటూ ఐదు గిన్నెలు పెట్టాం, 37 డిగ్రీల దగ్గర వారం రోజులు. ఫలితం కొలవడానికి రంగును నమ్మలేదు. ఆరబెట్టి తూచిన ముక్కను ఒక రోజు వెచ్చని బఫర్‌లో ఉంచి, మళ్లీ ఆరబెట్టి తూచాం. పోయిన బరువంతా కట్టుబడని జెలటిన్. మా చేతుల్లో 5 నుంచి 10 శాతం నీళ్లున్న గిన్నెలు గెలిచాయి. దారం ఆకారం నిలబడింది, బరువు పెద్దగా పోలేదు. 20% గిన్నెలోవి అతుక్కుపోయాయి. నీళ్లు లేని గిన్నెలోవి చూడముచ్చటగా ఉన్నాయి గానీ బఫర్‌లో సగానికి సగం కరిగాయి. ఈసారి తడి ఫొటోలు తీశాం. మామూలు ఎస్‌ఈఎంలో తడి వస్తువు పెట్టలేం కాబట్టి, ముందు బఫర్‌లో నానబెట్టి, ఇథనాల్ శాతం మెట్లు మెట్లుగా పెంచుతూ నీళ్లు తీసి, చివర హెచ్‌ఎండీఎస్ అనే ఆవిరయ్యే ద్రవంతో ఆరబెట్టాం. దారాలు ముందుకంటే లావెక్కాయి, అక్కడక్కడా వంకర పోయాయి. అయినా విడివిడిగా ఉన్నాయి. పక్కన పెడితే పాత పొడి ఫొటోలే అందంగా ఉంటాయి. గోడకు అంటించింది మాత్రం వీటినే.

నా తప్పు

ఇక్కడి నుంచి పని పరిగెత్తాలి. పరిగెత్తింది కూడా, తప్పు దిక్కుకు.

కణాలు వేసి ఏడు రోజుల తరవాత ఎంటీటీ పరీక్ష చేశారు. బతికున్న కణాలు ఎంటీటీ అనే రసాయనాన్ని ఊదారంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి, అది 570 నానోమీటర్ల కాంతిని ఎంత మింగిందో చదువుతాం. మా మ్యాట్‌ల మీద సంఖ్యలు మామూలు ప్లాస్టిక్ ప్లేటు కంటే ఎక్కువ వచ్చాయి. ఫోన్‌లో చెబుతుంటే ఆ అమ్మాయి గొంతులో సంతోషం తెలుస్తోంది. నేను గ్రాఫ్ చూసి "బాగుంది, ముందుకెళ్లండి" అన్నాను. రెండు వారాలు ముందుకెళ్లాం.

తరవాతి ప్లేటులో ఒక వెల్‌లో, అంటే ప్లేటులోని ఒక గుంటలో, కణాలు వేయడం ఎవరో మర్చిపోయారు. మ్యాట్ ఉంది, మీడియం ఉంది, కణాలు లేవు. ఆ వెల్ కూడా ఎక్కువే చదివింది. కణాలున్న వెల్స్‌లో వచ్చిన దానికి సగం పైనే. పరీక్ష చివర ఫార్మజాన్‌ను కరిగించే డీఎంఎస్ఓ పోసి, ఆ ద్రవాన్ని వేరే ప్లేటులోకి తీయకుండా నీలం మ్యాట్ అడుగున ఉండగానే చదివేస్తున్నారు. జెనిపిన్ నీలం కాంతిని మింగేది 600కు కాస్త ఇటూ అటూ. 570 దానికి పక్కిల్లే. మేం లెక్కపెట్టిన "బతికున్న కణాల్లో" చాలా భాగం రంగు.

సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, అంతకు నెల రోజుల ముందు నిన్‌హైడ్రిన్ పరీక్ష (కట్టుబడని అమైన్ గుంపులను రంగుతో లెక్కించేది) వద్దని చెప్పినవాణ్ణి నేనే. దాన్నీ 570 దగ్గరే చదవాలి, నీలం రంగు అడ్డొస్తుంది, అందుకే బరువు పరీక్షకు కట్టుబడదాం అన్నాను. అదే బుర్ర కణాల పరీక్ష దగ్గరకొచ్చేసరికి పని చేయలేదు. కారణం కూడా నాకు తెలుసు. నిన్‌హైడ్రిన్ అప్పుడు నేను అనుమానంతో ఉన్నాను, ఎంటీటీ అప్పుడు మంచి వార్త కోసం ఎదురు చూస్తున్నాను.

అప్పటి నుంచి లెక్క మార్చాం. మ్యాట్‌ను ఎంజైమ్‌తో జీర్ణం చేసి, పికోగ్రీన్ రంగుతో డీఎన్‌ఏ కొలిచాం. డీఎన్‌ఏ అంటే కణాలే, మ్యాట్‌కు సొంత డీఎన్‌ఏ లెక్క ఏమీ ఉండదు. అయినా ప్రతి రోజుకూ కణాలు లేని మ్యాట్‌ను కూడా జీర్ణం చేసి, దాని సంఖ్య తీసేశాం. నిజం బయటపడింది. కణాలు చావడం లేదు, పెరుగుతున్నాయి, కాకపోతే ప్లాస్టిక్ కంటే నెమ్మదిగా. అది చెడ్డ వార్తేమీ కాదు. ముందే ఆ సంఖ్య వచ్చి ఉంటే సంతోషించేవాళ్లం.

కణాలు లోపలికి పోవు

తరవాత అడ్డంగా కోసి చూశాం. మ్యాట్‌ను గడ్డకట్టించి, సన్నని సెక్షన్లు తీసి, కేంద్రకాలకు డాపీ రంగు వేశాం. ఇక్కడ జెనిపిన్ ఒక మేలు చేసింది. దానితో కట్టిన జెలటిన్ తనంతట తానే ఎర్రగా మెరుస్తుంది. లైవ్‌డెడ్ పరీక్షలో, అంటే బతికున్నవాటిని చచ్చినవాటిని వేరు వేరు రంగుల్లో చూపే పరీక్షలో, చచ్చిన కణాలు కూడా ఎరుపే కాబట్టి ఆ గుణం మమ్మల్ని అంతకుముందు విసిగించింది. సెక్షన్‌లో మాత్రం వరమైంది. మ్యాట్‌కు రంగు వేయకుండానే ఎర్రటి పట్టీలా కనబడింది, దాని పై అంచున నీలి కేంద్రకాలు గోడ మీద చీమల బారులా ఒకే వరసలో. పద్నాలుగో రోజున కూడా అంతే. ఒక్కటి కూడా లోపల లేదు.

కొలతలు చూసుకుంటే ఆశ్చర్యమేమీ లేదు. ఇలాంటి మ్యాట్‌లో దారాల మధ్య ఖాళీలు మైక్రాన్ స్థాయిలో ఉంటాయి. తడిసి దారాలు ఉబ్బితే ఇంకా తగ్గుతాయి. ఫైబ్రోబ్లాస్ట్ కేంద్రకమే అంతకంటే చాలా పెద్దది. దారం సన్నగా ఉంటేనే సహజ కణజాలాన్ని పోలుతుందని మురిసిపోతాం. దారం సన్నబడిన కొద్దీ సందులూ సన్నబడతాయన్నది ఆ మురిపెంలో మరుగున పడుతుంది.

దారం లావు చేద్దామని ద్రావణం గాఢత పెంచి చూశాం. సూది కొసన చిక్కటి గడ్డ కట్టి, పది నిమిషాలకోసారి తుడవాల్సి వచ్చింది. వదిలేశాం. పక్క సూదితో పీఈఓ అనే నీళ్లలో కరిగే పాలిమర్ దారాలు కలిపి స్పిన్ చేసి, తరవాత నీళ్లలో వాటిని కరిగించి ఖాళీలు చేసే పద్ధతి ఒకటుంది, చాలామంది వాడుతున్నదే. బృందం అటు మొగ్గింది. నేను ఆపాను. ఇథనాల్, నీళ్లు, వేడి, వారం రోజులు అన్న వరసను ఎన్నో తిప్పలు పడి కుదుర్చుకున్నాం. అందులోకి కొత్త పాలిమర్‌ను దింపితే అది ఎప్పుడు కరుగుతుందో, అప్పటికి జెలటిన్ ఎంత కట్టుబడి ఉంటుందో మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. వాళ్లకు మిగిలిన టైమ్ నాలుగు నెలలు. తప్పు పద్ధతి అని కాదు, ఆ టైమ్‌కు తగిన పద్ధతి కాదు.

కుదిరింది

ఆ మీటింగులో ప్రశ్నను తిరగేసింది ఆ విద్యార్థినే. "లోపలికి పోవు కదా సర్. మధ్యలో మనమే పెడితే?"

ఒక మందపాటి మ్యాట్ బదులు 15 నుంచి 20 మైక్రాన్ల సన్నని మ్యాట్‌లు. ఒక్కోదాని మీద కణాలు వేసి, అవి పట్టుకున్నాక ఒకదాని మీద ఒకటి పేర్చడం. ఇలా పొరలు పేర్చడం వేరేచోట్ల చేసినదే, మా కేసుకు అచ్చంగా సరిపోయింది. ఎన్ని పొరలు అన్న ప్రశ్నకు ఆక్సిజన్ జవాబిచ్చింది. రక్తనాళాలు లేని చోట అది 100 నుంచి 200 మైక్రాన్లకు మించి సరిగ్గా అందదు. నాలుగు పొరలు, అంటే ఎక్కువలో ఎక్కువ 80 మైక్రాన్లు, దగ్గర ఆగాం. కింద నుంచీ మీడియం తగిలేలా జాలీ అడుగున్న ఇన్సర్ట్‌లో పెట్టాం.

కాగితం మీద సులువే. చేత్తో చేయడం నరకం. తడిసిన 20 మైక్రాన్ల మ్యాట్ ఫోర్సెప్స్‌తో ఎత్తగానే తనలో తనే మడతపడుతుంది. మడత విప్పబోతే చిరుగుతుంది. మొదటి వారంలో పేర్చగలిగినవి రెండే. చివరికి కుట్టుపనిలో గుడ్డను ఫ్రేమ్‌కు బిగించినట్టు, రెండు చిన్న ప్లాస్టిక్ రింగుల మధ్య మ్యాట్‌ను బిగించాం. అదీ ఎప్పుడు? తడిశాక కాదు. జెనిపిన్ ద్రవంలో ఉండగానే, ఇథనాల్‌లో అది ఇంకా కాస్త బిరుసుగా ఉన్నప్పుడు. రేకు మీద నుంచి ఊడదీయడం కూడా అక్కడే సులువైంది. పొడిగా లాగితే చిరిగే మ్యాట్, ఇథనాల్‌లో మునిగాక రేకును దానంతటదే వదిలేసేది. ఒకసారి రింగులో పడ్డాక కడగడం, కణాలు వేయడం, పేర్చడం అన్నీ రింగును పట్టుకునే చేశాం, మ్యాట్‌ను ముట్టుకోలేదు.

మూడు వారాల తరవాత సెక్షన్‌లో నాలుగు ఎర్రటి పట్టీలు, వాటి మధ్య మూడు వరసల్లో, పైన ఇంకో వరసలో నీలి కేంద్రకాలు. మీడియంలో ఆస్కార్బిక్ ఆమ్లం కలిపాం, అది ఫైబ్రోబ్లాస్ట్‌లు సొంత కొలాజెన్ అల్లుకోవడానికి కావాలి. ఆ కొలాజెనే పొరలను ఒకదానికొకటి అంటించింది. చిమటాతో ఒక మూల ఎత్తితే నాలుగు పొరలూ కలిసి లేచాయి. లోపలి వరసల్లో డీఎన్‌ఏ పై వరస కంటే తక్కువ, అయినా మొదటి వారం కంటే మూడో వారానికి ఎక్కువ. నాకు అది చాలు.

ఆ కేసు తరవాత మా ల్యాబ్‌లో మారినవి

బుకింగ్ ఫారంలో ఒక గడి పెంచాం. ప్రోటీన్ మ్యాట్ అయితే తడి ఫొటో లేకుండా కణాల గది తాళం ఇవ్వం. కొందరు విసుక్కుంటారు. గాజు పలక, బఫర్ చుక్క, ఒక్క నిమిషం. అంత చిన్న పని చేయకపోవడం వల్ల రెండు నెలలు పోయాయని చెబితే ఎక్కువమంది ఊరుకుంటారు.

ప్రతి ప్లేటులో కణాలు లేని మ్యాట్‌కు మూడు వెల్స్ కేటాయించాలి. ఇది కొత్త విషయమేం కాదు, మొదటి ఏడాది విద్యార్థికీ తెలుసు. వెల్స్ చాలనప్పుడు అందరూ ముందు కోసేసేది కూడా వాటినే. మాకు ఆ నిజం చెప్పిన వెల్ పొరపాటున మిగిలింది. దానిమీద ఆధారపడి ల్యాబ్ నడపలేం.

క్రాస్‌లింకర్ గురించి ఎవరైనా సలహా అడిగితే ఇప్పుడు పేరు చెప్పే ముందు ద్రవం గురించి అడుగుతాను. రొయ్య, పీత పెంకుల నుంచి తీసే కైటోసాన్ తెచ్చేవాళ్లకూ అదే ప్రశ్న. ఆమ్లంలో కరిగించి తీసిన కైటోసాన్ దారాల్లో అమైన్‌లు లవణ రూపంలో ఉంటాయి. క్షారంతో సరిచేయకముందే మామూలు నీళ్లలో వేస్తే అవీ కరుగుతాయి. పాలిమర్ వేరు, పందెం అదే.

పొరల పద్ధతికి ఒక చిక్కు మిగిలే ఉంది. ఫైబ్రోబ్లాస్ట్‌లు చుట్టూ ఉన్నదాన్ని లాగుతాయి, అది వాటి స్వభావం. రింగులో ఉన్నంతకాలం ఏమీ కాదు. మూడో వారం రింగు విప్పగానే ఆ దొంతర అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటోంది. ఆఖరున వాళ్లు పంపిన సెక్షన్‌లో రెండో, మూడో పొరల మధ్య అంచు దగ్గర వెంట్రుక మందం సందు కనిపించింది, అందులో కేంద్రకాలు లేవు. ఇప్పుడు రింగును ఒకేసారి తీయకుండా వారానికి కొంత సడలిస్తూ చూస్తున్నారు. సడలించే స్క్రూ ఉన్న రింగు మొదటి నమూనా మా బల్ల మీదే ఉంది, ఇంకా సరిగ్గా తిరగడం లేదు.